డిస్ట్రిక్ట్‌కి ఏ పోయి బీ వచ్చింది, అక్కడ ఇల్లు కొనొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. న్యూజెర్సీ నుంచి డాలస్ వైపు మారుతున్నారు. పాప ఆగస్టులో థర్డ్ గ్రేడ్‌లో చేరాలి. మీకు నచ్చిన ఇల్లు ఉన్న స్కూల్ డిస్ట్రిక్ట్‌కి, అంటే ఆ ప్రాంతంలో ప్రభుత్వ బడులన్నీ నడిపే సంస్థకి, 2022లో టెక్సస్ రాష్ట్రం ఇచ్చే అక్షరాల్లో అన్నిటికంటే పైదైన 'ఏ' రేటింగ్ ఉండేది, తర్వాత దాని కింద మెట్టు 'బీ' అయింది. "డిస్ట్రిక్ట్ దిగజారుతోంది, ఇంకో 70 వేల డాలర్లు వేసుకుని పక్క ఊళ్ళో కొనండి" అని మీ రియల్టర్ (ఇళ్ళు చూపించే ఏజెంటు) అంటున్నారు. నిజంగానే దిగజారుతోందా అని మీ సందేహం.

ఆ ఒక్క అక్షరం చూసి 70 వేలు పెట్టకండి. ఎందుకో చెప్పాలంటే మా ఇంటి సంగతి కొంత చెప్పాలి.

నేను టీచర్ని కాను, ఐటీలో టెస్టింగ్ ఉద్యోగం. కాకపోతే మా అమ్మాయి చదివిన ఎలిమెంటరీ స్కూల్ కమిటీలో 2 ఏళ్ళు పేరెంట్ మెంబర్‌గా కూర్చున్నాను. టెక్సస్ చట్టం ప్రకారం ప్రతి బడికీ ఏటా ఒక ఇంప్రూవ్‌మెంట్ ప్లాన్ ఉండాలి, దాన్ని తయారుచేసే కమిటీలో తల్లిదండ్రులు కూడా ఉండాలి. రమ్మంటే ఎవరూ రారు. పిల్లల్ని దింపే కార్ల లైన్‌లో ప్రిన్సిపల్ గారు ఆపి అడిగితే కాదనలేక ఒప్పుకున్నాను. అక్కడ కూర్చున్నాకే ఈ అక్షరాలు ఎలా తయారవుతాయో తెలిసింది.

మేం ఇల్లు వెతికింది 2019 ఆగస్టులో. సరిగ్గా ఆ నెలలోనే టెక్సస్ మొదటిసారి ఒక్కో బడికీ ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు ఇచ్చింది. అంతకు ముందు ఏడాది డిస్ట్రిక్టులకు మాత్రమే ఇచ్చారు. మావారు ఎక్సెల్ షీట్ వేశారు: ఇల్లు, ధర, ట్యాక్స్, స్కూల్ రేటింగ్. టీవీలో "ఒకటీ, ఒకటీ, రెండూ, రెండూ" అని ర్యాంకులు అరిచే కాలేజీ ప్రకటనలు వింటూ పెరిగినవాళ్ళం, ఇంకేం చేస్తాం? 'ఏ' వచ్చిన బడి దగ్గర ఇళ్ళు మా చేతికి అందలేదు. 'బీ' వచ్చిన బడి దగ్గర కొన్నాం. పిల్లకి అన్యాయం చేశానేమో అని నాకు చాన్నాళ్ళు లోలోపల బాధే.

2020లో, 2021లో కోవిడ్ వల్ల ఎవరికీ రేటింగులు లేవు. 2022లో మా బడికి ఏ వచ్చింది! వాట్సాప్ గ్రూపులో నేనే ముందు పెట్టాను. అదే బడికి 2023లో సీ వచ్చింది. ఒక్క ఏడాదిలో ఏ నుంచి సీ. టీచర్లు చాలావరకు వాళ్ళే, పిల్లలూ వాళ్ళే, ప్రిన్సిపల్ కూడా మారలేదు. నాలుగో తరగతి లెక్కలు కొంచెం తగ్గిన మాట నిజమే, అది కమిటీలో నేను చూశాను. కానీ రెండు మెట్లు పడేంత తగ్గలేదు. మిగతాదంతా కొలత మారడం వల్ల వచ్చింది.

2023లో టెక్సస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీ, అందరూ టీఈఏ అంటారు, లెక్క మొత్తం తిరగరాసింది. అందరికీ తెలిసిన మార్పు హైస్కూళ్ళది. చదువు ముగించేనాటికి కాలేజీకో, ఉద్యోగానికో, మిలిటరీకో సిద్ధంగా ఉన్నవాళ్ళు వందకి 60 మంది ఉంటే ఆ భాగంలో ఏ ఇచ్చేవాళ్ళు. దాన్ని ఒక్కసారిగా 88 చేశారు. నిరుడు 70 మందిని సిద్ధం చేసి ఏ తెచ్చుకున్న బడి, ఈ ఏడాది 75 మందిని చేసినా ఏ అందుకోలేదు. బడి బాగుపడింది, అక్షరం పడిపోయింది. ఎలిమెంటరీల్లో కూడా పిల్లల ఎదుగుదలని కొలిచే పద్ధతి, గ్రూపుల వారీగా చూసే పద్ధతి మారాయి. మీరు చూస్తున్న ఏ పాత స్కేలుది, బీ కొత్త స్కేలుది. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి దిగజారింది అనడానికి లేదు. పోల్చాలంటే 2023, 2024, 2025 మూడూ చూడండి, అవి ఒకే స్కేలు మీద ఉన్నాయి. మీ డిస్ట్రిక్ట్ ఆ మూడేళ్ళలో బీలోనే ఉండి, మార్కు మాత్రం 81 నుంచి 86కో మరోదానికో పెరిగి ఉంటే రియల్టర్ గారి మాట తలకిందులన్నమాటే. 90, ఆపైన ఏ, 80 నుంచి 89 బీ, 70 నుంచి 79 సీ. అక్షరం వెనక ఆ మార్కు కూడా సైట్లో కనిపిస్తుంది, జనం దాకా రాదంతే.

ఈ కొత్త స్కేలు గురించి ఆలస్యంగా చెప్పారని వందకు పైగా డిస్ట్రిక్టులు 2023లో కోర్టుకెళ్ళాయి. ఆస్టిన్‌లో జడ్జి రేటింగులు ఆపేశారు. 2024 రేటింగుల మీద ఇంకో కేసు పడింది. ఆ ఏడాది వ్యాసాల జవాబులు దిద్దడానికి కంప్యూటర్ని వాడారు, అది కూడా వాళ్ళ గొడవల్లో ఒకటి. చివరికి అప్పీల్ కోర్టు టీఈఏ పక్షాన చెప్పాక, 2023 రేటింగులు 2025 ఏప్రిల్‌లో బయటికొచ్చాయి. 2024వీ, 2025వీ కలిపి 2025 ఆగస్టులో వచ్చాయి. మా బడికి సీ అని లోకానికి తెలిసే నాటికి మా అమ్మాయి ఆ బడి వదిలేసి మిడిల్ స్కూల్లో సిక్స్త్ గ్రేడ్ చదువుతోంది. నేను వాట్సాప్‌లో పెట్టలేదు లెండి.

ఇప్పుడు లెక్క ఎలా ఉంటుందో చెప్తాను. ఇక్కడే అసలు విషయం ఉంది.

మూడు భాగాలు. ఒకటి, పిల్లలు స్టార్ అనే రాష్ట్ర వార్షిక పరీక్షలో ఎలా రాశారు. రెండోది, నిరుటి కంటే ఎంత ఎదిగారు. మూడోది, వెనకబడ్డ గ్రూపుల పరిస్థితి ఏమిటి. మొదటి రెండింటిలో ఏది మెరుగైతే దానికి 70 శాతం, మూడోదానికి 30 శాతం. అంటే ఒక బడికి ఏ రావడానికి రెండు దారులున్నాయి. పిల్లలు ముందునుంచే బాగా రాసేవాళ్ళయితే మొదటి దారి. వెనకబడ్డవాళ్ళని పైకి లాగితే రెండో దారి. రెండూ బయటికి ఒకే ఏ లాగా కనిపిస్తాయి.

స్టార్‌లో నాలుగు స్థాయిలు: డిడ్ నాట్ మీట్, అప్రోచెస్, మీట్స్, మాస్టర్స్. అప్రోచెస్ వస్తే పాసైనట్టే, తరగతికి తగ్గ చదువు అనాలంటే మాత్రం మీట్స్ రావాలి. బడి మార్కు ఇలా వేస్తారు: కనీసం అప్రోచెస్ వచ్చినవాళ్ళ శాతం, కనీసం మీట్స్ వచ్చినవాళ్ళ శాతం, మాస్టర్స్ శాతం, మూడూ కూడి మూడుతో భాగించడం. ఉదాహరణకి 80, 55, 25 అనుకోండి. మొత్తం 160, మూడో వంతు 53. ఇది నూటికి 53 కాదు, దీన్ని మళ్ళీ వేరే స్కేలుకి మారుస్తారు. మాస్టర్స్ వచ్చిన పిల్ల ఈ లెక్కలో మూడుసార్లు వస్తుంది. బాగా చదువుకున్న కుటుంబాలు ఎక్కువున్న కాలనీలో ఈ మార్కు దానంతటదే పెరుగుతుంది. అందులో బడి గొప్ప ఎంత, కుమాన్ లాంటి ట్యూషన్ సెంటర్ల గొప్ప ఎంత అన్నది మీరే ఊహించుకోండి.

ఎదుగుదల లెక్క నాకు ఇంట్లోనే అర్థమైంది. మా అమ్మాయికి థర్డ్ గ్రేడ్ లెక్కల్లో మాస్టర్స్. ఫోర్త్‌లో మీట్స్. పాసయింది కదా అని మేం పెద్దగా పట్టించుకోలేదు. కమిటీ మీటింగులో ఎదుగుదలకి పాయింట్లు వేసే పట్టిక తెర మీద వేసినప్పుడు చూశాను: మాస్టర్స్ నుంచి మీట్స్‌కి దిగిన పిల్లకి బడికి వచ్చే పాయింటు సున్నా. అదే, నిరుడు బాగా తక్కువ మార్కులతో ఫెయిలై ఈ ఏడాది కొంచెం మెరుగైన మార్కులతో మళ్ళీ ఫెయిలైన పిల్లాడికి ఒక పూర్తి పాయింటు. ముందు నాకు చిర్రెత్తింది. ఇదెక్కడి న్యాయం, ఫెయిలైనవాడికి పాయింటు, నా కూతురికి సున్నానా అని. ఇంటికెళ్ళేదాకా ఆలోచిస్తూనే ఉన్నాను. ఆ పిల్లాడు ఎవరో నాకు తెలియదు, పేర్లు చూపించరు. కానీ వాడి వెనక ఒక టీచరు ఏడాదంతా కష్టపడి ఉంటుంది. మా పిల్ల విషయంలో ఆ ఏడాది బడీ కష్టపడలేదు, మేమూ పడలేదు. బాగా చదువుతుందిలే అని అందరం వదిలేశాం. ఆ సున్నా సబబే.

మా బడి మీద నాకు నచ్చని సంగతి కూడా ఒకటి చెప్పాలి. ఫిబ్రవరి మీటింగులో ఒక షీటు చూపించారు. వరుసగా పిల్లల మార్కులు, కొన్ని వరుసలకి పసుపు రంగు. ఆ రంగువాళ్ళు పాస్ గీతకి కాస్త కిందో, మీట్స్ గీతకి కాస్త కిందో ఉన్నవాళ్ళు. స్పెషల్ ట్యూటరింగ్ వాళ్ళకి. మరి రంగు లేకుండా అట్టడుగున ఉన్నవాళ్ళ మాటేమిటి అని అడిగాను. గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఫెయిలైన ప్రతి పిల్లకీ అదనంగా గంటల లెక్కన చెప్పాలని చట్టం ఉంది, అది ఇస్తున్నాం అన్నారు. ఇస్తున్నారు, నిజమే. కానీ మంచి టీచరు పసుపు వరుసల దగ్గరే ఉంది. మా అమ్మ జిల్లా పరిషత్ హైస్కూల్లో టీచరు. పదో తరగతి ఉత్తీర్ణత శాతం కోసం పైనుంచి ఒత్తిడి వచ్చినప్పుడల్లా ఆవిడ ఇంటికొచ్చి చెప్పిన మాటలే గుర్తొచ్చాయి. ఊరు మారింది, భాష మారింది, శాతం పట్టుకుని పరిగెత్తడం మాత్రం అదే.

మూడో భాగంలో మనవాళ్ళకి నేరుగా సంబంధం ఉంది. కిండర్‌గార్టెన్‌లో చేర్చేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారు అని ఫారం ఇస్తారు. ఇంగ్లీష్ అని రాయి, లేకపోతే పిల్లని ఈఎస్ఎల్‌లో, అంటే ఇంగ్లీష్ నేర్చుకునేవాళ్ళ క్లాసులో, వేస్తారు అని ఫ్రెండ్స్ నలుగురూ చెప్పారు. మా అత్తగారు మాతోనే ఉండేవారు, ఇంట్లో అంతా తెలుగే. నేను తెలుగు అనే రాశాను. పరీక్ష పెట్టారు, ఇంకా ఇంగ్లీష్ నేర్చుకుంటున్న పిల్ల అని తేల్చారు. నాకు ఎంత అవమానంగా అనిపించిందో! మా పిల్ల టకటకా మాట్లాడుతుంది, వీళ్ళకేం తెలుసు అని ఆ సర్వీస్ వద్దని సంతకం పెట్టాను. వద్దన్నా సరే, లెక్కలోంచి తీసేయరు. ప్రతి వసంతంలో టెల్పాస్ అనే పరీక్ష రాయాల్సిందే: వినడం, మాట్లాడడం, చదవడం, రాయడం. మాట్లాడే భాగం హెడ్‌సెట్ పెట్టుకుని కంప్యూటర్‌తో. మా పిల్ల సిగ్గుపడి ఒక్కో ప్రశ్నకి ఒక్కో ముక్క చెప్పి ఊరుకుంది. రెండేళ్ళు అదే స్థాయిలో ఉండిపోయింది. ఈ టెల్పాస్‌లో పిల్లలు ఏటా పైకి వెళ్తున్నారా లేదా అన్నది మూడో భాగంలో పదో వంతు. అంటే మా ఇంటి సిగ్గు కూడా బడి మార్కులో కొంచెం కలిసింది. ఫోర్త్ గ్రేడ్ ముందు ఒక టీచరు పిలిచి, జవాబు పూర్తి వాక్యాల్లో చెప్పడం ఇంట్లో అలవాటు చేయించండి అన్నారు. నెలరోజులు రాత్రి భోజనాల దగ్గర అదే ఆట ఆడాం. ఆ ఏడాది ఇంగ్లీష్ నేర్చుకుంటున్నవాళ్ళ లెక్కలోంచి బయటపడింది.

మూడో భాగంలో ఇంకొకటి ఉంది. బడిలో అందరి సగటునీ చూస్తారు. దానితోపాటు నిరుడు అన్నిటికంటే వెనకబడ్డ రెండు జాతుల గ్రూపుల్ని విడిగా చూస్తారు. పేద పిల్లలు, ఇంగ్లీష్ నేర్చుకుంటున్నవాళ్ళు, స్పెషల్ ఎడ్యుకేషన్ పిల్లలు, మాటిమాటికీ బడులు మారేవాళ్ళు, వీళ్ళందరినీ కలిపి ఒక గ్రూపుగా చూస్తారు. సగటు వెనక ఎవరినీ దాచకుండా ఉండడానికి ఈ ఏర్పాటు. దీని మూలం వాషింగ్టన్‌లో ఉంది. 2002 జనవరిలో బుష్ సంతకం పెట్టిన నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్ చట్టం, ప్రతి గ్రూపూ ఏటా నిర్ణయించిన మేరకు ముందుకు వెళ్ళాలి, 2014 నాటికి దేశంలో ప్రతి పిల్లా రీడింగ్‌లో, లెక్కల్లో పాసవ్వాలి అంది. నూటికి నూరు! ఒక్క చిన్న గ్రూపు తప్పినా బడి మొత్తం తప్పినట్టే. ఆ గడువు దగ్గరపడేసరికి రాష్ట్రాలు మినహాయింపుల కోసం క్యూ కట్టాయి. బుష్ గవర్నర్‌గా చేసిన టెక్సస్ కూడా 2013లో ఆ క్యూలో నిలబడింది. 2015 డిసెంబర్‌లో ఒబామా సంతకం పెట్టిన కొత్త చట్టం లక్ష్యాలు, రేటింగులు రాష్ట్రాలకే వదిలింది. మూడు నుంచి ఎనిమిది తరగతుల దాకా ఏటా పరీక్ష, గ్రూపుల వారీ లెక్క మాత్రం అలాగే ఉంచింది. మీకు న్యూజెర్సీలో ఈ అక్షరాల గోల లేదు కాబట్టి కొత్తగా అనిపిస్తుంది.

డిస్ట్రిక్ట్ అక్షరం గురించి మాత్రం గట్టిగా చెప్తాను, దాన్ని దాదాపు పక్కన పెట్టేయండి. ఇప్పుడు డిస్ట్రిక్ట్ మార్కు అంటే దానిలోని బడుల మార్కుల్ని పిల్లల సంఖ్యని బట్టి కలిపిన సగటు. పైగా ఒక నియమం ఉంది: డిస్ట్రిక్ట్‌లో ఒక్క బడికి డీ గానీ ఎఫ్ గానీ ఉంటే డిస్ట్రిక్ట్‌కి ఏ ఇవ్వరు, సగటు 92 వచ్చినా 89 దగ్గర ఆపేస్తారు. 60 బడుల డిస్ట్రిక్ట్‌లో మీ ఇంటికి 15 మైళ్ళ దూరంలో ఉన్న ఒక మిడిల్ స్కూల్ వల్ల బీ పడి ఉండొచ్చు. మీ పాప ఆ గుమ్మం ఎప్పటికీ తొక్కదు. ఆ నియమం మంచిదే అంటాను నేను, లేకపోతే ఆ ఒక్క బడిని ఎవరూ పట్టించుకోరు. కానీ ఇల్లు కొనేవాళ్ళకి దానితో పనిలేదు.

రేటింగులు వట్టి కాగితం అని కూడా అనుకోకండి. ఒకే బడి వరసగా అయిదేళ్ళు ఫెయిలైతే ఆ బడిని మూసేయడమో, డిస్ట్రిక్ట్‌ని నడిపే ఎన్నికైన బోర్డునే పక్కన పెట్టి రాష్ట్రం తన మనుషుల్ని వేయడమో చేయాలని 2015లో చట్టం వచ్చింది. హ్యూస్టన్‌లో వీట్లీ హైస్కూల్ విషయంలో మొదలై, కోర్టుల్లో నలిగి, 2023 జూన్ 1న రాష్ట్రంలోకెల్లా పెద్దదైన హ్యూస్టన్ డిస్ట్రిక్ట్ మొత్తం రాష్ట్రం చేతిలోకి వెళ్ళింది. ఈ భయం డిస్ట్రిక్ట్‌ పెద్ద అయిన ప్రతి సూపరింటెండెంట్‌కీ ఉంటుంది. పసుపు రంగు షీట్లు అందుకే వస్తాయి.

ఇక మీరు చేయాల్సింది. ముందు ఆ ఇంటి అడ్రసు ఏ బడి కిందికి వస్తుందో డిస్ట్రిక్ట్ సైట్లోనే కొట్టి చూడండి. ఇక్కడ ఊరు వేరు, డిస్ట్రిక్ట్ వేరు. ఫ్రిస్కో అడ్రసు ఉన్న ఇల్లు ప్రాస్పర్, లిటిల్ ఎల్మ్, లూయిస్‌విల్ డిస్ట్రిక్టుల్లో ఉండొచ్చు. అర్వింగ్‌లో మనవాళ్ళు నిండిపోయిన వ్యాలీ రాంచ్ పిల్లల్లో చాలామంది కాపెల్ డిస్ట్రిక్ట్ బడులకి వెళ్తారు. బిల్డర్ సేల్స్ ఆఫీసులో చెప్పింది నమ్మకండి. కొత్త బడి కట్టిన ప్రతిసారీ జోన్లు మళ్ళీ గీస్తారు, అది కూడా అడగండి.

తర్వాత టీఈఏ వాళ్ళ టీఎక్స్‌స్కూల్స్ సైట్లో ఆ బడి తెరిచి మొత్తం అక్షరం వదిలేసి ఎదుగుదల మార్కు చూడండి, మూడేళ్ళది. ఇళ్ళ సైట్లలో 10కి ఇన్ని అని కనిపించేది గ్రేట్‌స్కూల్స్ అనే వేరే సంస్థ ఇచ్చే నంబరు, రాష్ట్రం రేటింగు కాదు. రెండూ కలిపేసి మాట్లాడే రియల్టర్లు ఎక్కువ. ఆ తర్వాత బడికి ఫోన్ చేసి ఇంప్రూవ్‌మెంట్ ప్లాన్ ఎక్కడుందో అడగండి, బోర్డు సైట్లో ఉంటుంది. అందులో వాళ్ళు తమ బలహీనత గురించి ఏం రాసుకున్నారో చదవండి. ఫలానా తరగతిలో ఫలానా పిల్లలకి రీడింగ్ రావట్లేదు, ఈ పని చేస్తున్నాం అని రాసుకున్న సీ బడి, అంతా బాగుంది అని రాసుకున్న ఏ బడి రెండూ నేను చదివాను. నేనైతే మొదటిదానికే పంపిస్తాను.

స్టార్ కూడా ఎన్నాళ్ళో ఉండదు. 2027-28 నుంచి దాని బదులు ఏడాదికి మూడు చిన్న పరీక్షలు పెట్టేలా 2025లో చట్టం చేశారు. కొలత ఇంకోసారి మారుతుంది, అక్షరాలు ఇంకోసారి గెంతుతాయి. అప్పుడు మీ రియల్టర్ ఇంకెవరికో ఇదే కథ చెప్తారు.

అన్నట్టు, మీ పాపని చేర్చేటప్పుడు ఇంటి భాష ఫారం మీకూ ఇస్తారు. తెలుగు అయితే తెలుగు అనే రాయండి. టెల్పాస్ హెడ్‌సెట్ ముందు మాత్రం ముక్కలు ముక్కలుగా జవాబివ్వొద్దని ముందే చెప్పి పంపండి.